రెనార్, దమనకుడు: గుంటనక్క కథల్నీ నక్క కథల్నీ కలిపి చదివేటప్పుడు

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. మధ్యయుగపు ఐరోపా కథల్లో కనిపించే రెనార్ అనే జిత్తులమారి మన పంచతంత్రం నక్క నుంచే పుట్టిందా? రెండింటినీ తెలుగులో ‘నక్క’ అనే అనొచ్చా? హైస్కూలు పిల్లలకు రెండు రకాల కథల్నీ పక్కపక్కన పెట్టి చెప్పాలంటే ఏవి తీసుకోవాలి, ఎలా చెప్పాలి? మొదటిదానికి నా జవాబు: ఇవి తల్లీబిడ్డలు కావు, దూరపు చుట్టాలు. రెండోదానికి: అనకపోతేనే మంచిది. మూడోదానికి కాస్త ఎక్కువ చోటు కావాలి. ముందు రెండో ప్రశ్న తీసుకుంటాను, ఎందుకంటే అక్కడ తప్పితే మిగతాదంతా తప్పుతుంది.

పంచతంత్రంలో ఉన్నది సంస్కృతంలో శృగాలం, జంబుకం. అంటే మన నక్క. ఊరి బయట పొద్దుగూకాక గుంపుగా కూసేది అదే. రెనార్ ఆ జంతువు కాదు. అది ఎర్రటి బొచ్చు, గుబురు తోక, తెల్లటి గొంతు ఉన్న ఐరోపా గుంటనక్క. మన దక్కను మెట్టల్లో బొరియలు తవ్వుకుని బతికే గుంటనక్క దానికి దగ్గరి బంధువు, కాకపోతే ఇంకా చిన్నది, బూడిదరంగుది. ఈసపు కథలు తెలుగులోకి వచ్చినప్పుడు అక్కడి గుంటనక్కను కూడా మనవాళ్లు ‘నక్క’ అనేశారు. అప్పటినుంచి బడిపుస్తకాల్లో రెండు జంతువులూ ఒకటైపోయాయి.

ఇది పేరు దగ్గరి పట్టింపు మాత్రమే కాదు. పులో సింహమో తిని వదిలేసిన ఎర దగ్గరికి నక్క చేరుతుంది. పెద్ద జంతువు వెనకాలే తిరిగి మిగిలింది తినే బతుకు దానిది. అందుకే మన కథల్లో దానికి మంత్రి ఉద్యోగం అంత సహజంగా కుదిరింది. కరటక దమనకులనే నక్కలు పింగళకుడనే సింహం కొలువు చుట్టూ తిరిగే మాజీ మంత్రి కొడుకులు. పదవి పోయింది, దాన్ని తిరిగి తెచ్చుకోవాలన్నదే దమనకుడి తాపత్రయం. గుంటనక్క సంగతి వేరు. అది ఒంటరిగా వేటాడుతుంది, నాలుగైదు దారులున్న బొరియలో ఉంటుంది, కోళ్లగూట్లో దూరుతుంది. కాబట్టి రెనార్ మంత్రి కాదు, సొంత కోట ఉన్న సామంతుడు. ఆ కోట పేరు మోపెర్తుయి. రాజు పిలిస్తే రాడు, వస్తే ముద్దాయిగా వస్తాడు. జంతువు మారితే పాత్రకు దొరికే ఉద్యోగమే మారిపోయింది. అందుకని మీ అనువాదంలో రెనార్‌ను ‘గుంటనక్క’ అని రాయండి. తెలుగులో ఆ మాట ఎలాగూ తిట్టుగా, పథకాలు వేసే మనిషికి గుర్తుగా వాడుకలో ఉంది, రుచి చెడదు.

ఇక పుట్టుక సంగతి. ‘పంచతంత్రం ఐరోపాకు వెళ్లి రెనార్ అయింది’ అన్న వాక్యం చాలాచోట్ల కనిపిస్తుంది. తేదీలు వరసగా పేర్చి చూస్తే అది నిలబడదు.

పంచతంత్రం 6వ శతాబ్దంలో, పర్షియా రాజు ఖుస్రో అనూషిర్వాన్ కాలంలో, బుర్జోయ్ అనే వైద్యుడి చేతిమీదుగా పహ్లవీలోకి, అంటే అప్పటి పర్షియా భాషలోకి వెళ్లింది. 750 ప్రాంతంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా దాన్ని అరబ్బీ చేశాడు. కరటక దమనకుల పేర్లే అక్కడ కలీలా, దిమ్నా అయ్యాయి. 11వ శతాబ్దం చివర సిమియన్ సేత్ గ్రీకు చేశాడు. 1251లో కాస్టీల్ భాషలోకి (పాత స్పానిష్) వచ్చింది. పశ్చిమ ఐరోపా పండితులు విస్తృతంగా చదివిన లాటిన్ అనువాదం కాపువా ఊరి జాన్ హీబ్రూ నుంచి చేసినది. అది 1263కీ 1278కీ మధ్యది. ఇప్పుడు అటువైపు చూడండి. గుంటనక్కకూ తోడేలుకూ పగ నడిపే పెద్ద లాటిన్ కావ్యం ‘ఈసెంగ్రిమస్’ 1148, 49 ప్రాంతంలో ఘెంట్ పట్నంలో పుట్టింది. ఏడు భాగాలు, ఆరున్నర వేల పైచిలుకు పాదాలు. ఫ్రెంచి భాషలో ‘రెనార్ కథ’ శాఖల్లో (శాఖ అంటే విడిగా రాసిన ఒక కథాభాగం) అన్నిటికంటే ముందుదాన్ని పియేర్ ద సాన్ క్లూ 1175 ప్రాంతంలో రాశాడు. అంటే లాటిన్ పంచతంత్రం వచ్చేసరికి రెనార్‌కు వందేళ్ల వయసు.

అలాగని సంబంధమే లేదనడమూ తప్పే. నోటిమాటగా, విడి కథలుగా కొన్ని ముందే చేరాయి. 12వ శతాబ్దం మొదట్లో స్పెయిన్‌కు చెందిన పేత్రస్ అల్ఫోన్సీ అనే ఆయన అరబ్బీ, యూదు కథల్ని లాటిన్‌లో గుదిగుచ్చాడు. అందులో తోడేలును బావిలోకి దించే గుంటనక్క ఉంది. అంతకుముందే ఫ్రాన్సులోని త్రువా పట్నపు యూదు పండితుడు రాషి (1105లో చనిపోయాడు) యూదుల ధర్మగ్రంథమైన తాల్మూద్‌కు రాసిన వ్యాఖ్యానంలో అదే కథను చెప్పాడు. రోగి సింహం, దానికి వైద్యంగా తోడేలు చర్మం ఒలిపించే గుంటనక్క ఈసపు సంప్రదాయం నుంచి వచ్చాయి. 11వ శతాబ్దపు ‘ఎక్బాసిస్’ అనే లాటిన్ కావ్యంలో ఆ కథ అప్పటికే స్థిరపడింది. కాబట్టి రెనార్ ఒక్క పుస్తకానికి పుట్టినవాడు కాడు.

నా అభిప్రాయంలో అసలు విషయం ఇక్కడే ఉంది. మనదగ్గర ‘నక్క’ అనే ఒకే పాత్ర లేదు. దమనకుడు ఒకడు, నీలిరంగు పూసుకున్న చండరవుడు వేరు, యుద్ధభేరి చప్పుడు విని భయపడిన గోమాయువు వేరు, లేడిని ఉచ్చులోకి నడిపించిన క్షుద్రబుద్ధి వేరు. ఒక కథలో గెలిచేది ఒక నక్క, ఇంకో కథలో చచ్చేది ఇంకో నక్క. జిత్తులు కూడా నక్కల సొత్తు కావు; కుందేలు, కాకి, కోతి అందరికీ పంచిపెట్టారు. ఐరోపాలో జరిగింది దీనికి తలకిందులు. ఎక్కడెక్కడి జిత్తులన్నీ ఒక్క జంతువు ఖాతాలో పడ్డాయి. ఎవరు చేసిన చమత్కారమో తెలియని ఆస్థాన కథలన్నీ తెనాలి రామలింగడి పేరుమీదికి చేరినట్టే. రెనార్‌కు భార్య ఎర్మెలీన్, పిల్లలు, కోట, జన్మశత్రువు ఇజంగ్రిన్ అనే తోడేలు, దగ్గరి చుట్టమైన గ్రేంబేర్ అనే బ్యాడ్జర్ (బొరియలు తవ్వుకునే జంతువు), నోబ్ల్ అనే సింహం రాజుగా ఉన్న కొలువు ఏర్పడ్డాయి. ఆ పేరు ఎంత పాకిందంటే, ఫ్రెంచిలో గుంటనక్కకు ‘గుపీ’ అని పాత మాట ఉండేది. అది వాడుకలోంచి పోయి, ఈ పాత్ర పేరే జంతువుకు పేరైంది. ఆ పేరుకు మూలం రెగిన్‌హార్డ్ అనే జర్మానిక్ పేరు. మొదటి ముక్కకు ఆలోచన, మంత్రాంగం అని అర్థం, రెండోదానికి గట్టి అని. మంత్రాంగంలో గట్టివాడన్నమాట. దమనకుడి ఉద్యోగమే రెనార్ పేరులో కూర్చుంది.

ఇది తెలిశాక పోలిక పని సులువవుతుంది. ‘ఏ నక్క ఏ గుంటనక్కకు సమానం’ అని వెతక్కండి. రెండుచోట్లా వచ్చే వస్తువును పట్టుకోండి. చీల, రంగుబాన, చచ్చినట్టు పడుకున్న ఒళ్లు, బావి: ఈ నాలుగూ రెండువైపులా ఉన్నాయి. ప్రతిసారీ అడగాల్సింది ఒకటే. ఆ వస్తువు మీద చెయ్యి వేసింది ఎవరు?

చీలతో మొదలుపెట్టండి. పంచతంత్రంలో కరటకుడు దమనకుడికి చెప్పే మొట్టమొదటి కథ ఇదే. గుడి కడుతున్న చోట వడ్రంగులు దూలాన్ని సగం చీల్చి, మూసుకుపోకుండా చండ్రకర్ర చీల దిగ్గొట్టి, మధ్యాహ్నం భోజనానికి వెళ్తారు. కోతి వచ్చి దూలం మీద కూర్చుని, ఊరికే ఉండలేక చీల ఊడబెరుకుతుంది. చీలికలో వేలాడుతున్న దాని ఒళ్లు నలిగిపోతుంది. తనకు మాలిన పనికి పోవద్దని కరటకుడు చేసే హెచ్చరిక ఇది. ఇప్పుడు రెనార్ కథ. రాజు సమన్లు తీసుకుని బ్రున్ అనే ఎలుగుబంటి మోపెర్తుయికి వస్తుంది. రెనార్ తేనె మాట ఎత్తుతాడు. లాన్‌ఫ్రువా అనే అడవికాపరి సగం చీల్చి చీలలు దిగ్గొట్టి ఉంచిన ఓక్ దుంగ దగ్గరికి తీసుకెళ్లి, ‘తేనె లోపల ఉంది, మూతి బాగా లోపలికి పెట్టు’ అంటాడు. ఎలుగు మూతీ ముందుకాళ్లూ లోపల పెట్టాక రెనార్ చీలలు లాగేస్తాడు. ఊరివాళ్లు కర్రలతో వస్తుంటే బ్రున్ తల మీది తోలూ పాదాల తోలూ దుంగలోనే వదిలి పారిపోతాడు. నెత్తురోడుతున్న తలను చూసి, ఎర్ర టోపీ పెట్టుకున్నావు, ఏ సన్యాసుల మఠంలో చేరావని రెనార్ అడుగుతాడు. రెండింటా అదే పగిలిన దుంగ, అదే చీల. కోతి చీలను తనే లాగింది. ఎలుగు విషయంలో లాగింది ఇంకొకడు, ఎలుగు పెట్టింది ఆశ మాత్రమే. పిల్లలకు ఈ రెండూ ఒకేరోజు చెప్పండి; తేడాను వాళ్లే చెప్తారు.

చెప్పేముందు చీల పని చూపించాలి. పట్నం పిల్లలకు కట్టె చీల్చడం తెలియదు. బట్టలు ఆరేసే క్లిప్పులోంచి పుల్ల లాగి చూపిస్తే చాలు. దుంగ ఎందుకు మూసుకుపోతుందో తెలియకపోతే రెండు కథలూ గాలిలో తేలిపోతాయి.

రంగుబాన కథ దీనికంటే లోతైనది. చండరవుడు కుక్కలు తరిమితే చాకలి ఇంట్లో నీలిమందు బానలో పడి నీలంగా బయటికొస్తాడు. అడవి భయపడుతుంది, దేవుడు పంపిన రాజునని చెప్పి సింహాలనూ పులులనూ కొలువులో పెట్టుకుంటాడు. సొంత నక్కల్ని మాత్రం తరిమేస్తాడు, అదీ అతని పొరపాటు. ఒక సాయంత్రం దూరంగా నక్కలు కూస్తాయి. ఒళ్లు పులకరించి, కళ్లలో నీళ్లు తిరిగి, తనూ లేచి కూస్తాడు. అంతటితో అతని పని అయిపోతుంది. రెనార్ కూడా రంగువాడి బానలో పడతాడు, అది పసుపు రంగు. నేనూ మీ పనివాణ్ణే, రంగు కలిపే కొత్త పద్ధతి నేర్పిస్తానని ఆ రంగువాడి చేతే పైకి లాగించుకుంటాడు. దారిలో ఇజంగ్రిన్ ఎదురైతే, పరదేశం నుంచి వచ్చిన పాటగాణ్ణని విరిగిన ఫ్రెంచిలో మాట్లాడతాడు. క్రియలు తప్పు, లింగాలు తప్పు, మధ్యమధ్య అర్థంలేని మాటలు. తోడేలు గుర్తుపట్టదు. చండరవుణ్ణి పట్టిచ్చింది గొంతు. రెనార్‌ను కాపాడింది గొంతు. పంచతంత్రకారుడు ‘జన్మతో వచ్చింది పోదు’ అనుకున్నచోట ఫ్రెంచి కవి ‘మాట మారిస్తే మనిషే మారతాడు’ అనుకున్నాడు. ఈ రెండు కథల్లో ఒకదాని నుంచి ఇంకొకటి పుట్టిందని ఎవరైనా చెబితే ఆధారం అడగండి. ఇద్దరు కవులు ఒకే బానను చూసి రెండు వేర్వేరు నమ్మకాలు బయటపెట్టారని చెప్పడానికైతే కథలే సాక్ష్యం.

తెలుగులో చెప్పేటప్పుడు రెనార్ విరిగిన భాషను మామూలు భాషలోకి సర్దొద్దు. అక్కడ నవ్వంతా ఆ వ్యాకరణపు తప్పుల్లోనే ఉంది. ‘నేను వచ్చినాడు, పాట బాగా తెలుసునాము’ వంటి వాక్యాలు రాయండి. ఫలానా జిల్లా యాసను మాత్రం పెట్టొద్దు. మూలంలో అది పరాయి దేశస్థుడి భాష. మనం యాస పెడితే వెక్కిరింత ఒక ప్రాంతం మీదికి పోతుంది.

చచ్చినట్టు పడుకోవడం గురించి క్లుప్తంగా. రెనార్ చలికాలంలో దారికి అడ్డంగా పడుకుంటాడు. చేపల బండివాళ్లు తోలు ఎంత పలుకుతుందో బేరాలాడుకుంటూ బండిమీదికి విసిరేస్తారు. అతను హెర్రింగ్ చేపలు కడుపునిండా తిని, మలుగు చేపల దండలు మెడకు చుట్టుకుని దూకేస్తాడు. ఈ ఎత్తు అప్పటి జంతుగ్రంథాల్లో ముందే ఉంది: గుంటనక్క ఎర్రమట్టిలో పొర్లి చచ్చినట్టు పడుకుని పక్షుల్ని పడుతుందని రాసేవారు. పంచతంత్రం ఆధారంగా తర్వాత వచ్చిన సంస్కృత కథల పుస్తకం హితోపదేశంలో ఇదే ఎత్తు లేడిది. ఉచ్చులో ఉన్న లేడికి కాకి చెబుతుంది, ఊపిరి బిగబట్టి, కాళ్లు చాచి పడుకో, నేను కళ్లు పొడుస్తున్నట్టు నటిస్తాను, కూయగానే లేచి పరిగెత్తు అని. రైతు కట్లు విప్పి కాస్త పక్కకు వెళ్తాడు, కాకి కూస్తుంది, లేడి పరిగెడుతుంది, రైతు విసిరిన కర్ర పొదలో దాగిన క్షుద్రబుద్ధికి తగులుతుంది. చిన్నయసూరి నీతిచంద్రిక (1853) చదివినవాళ్లకు ఇది బాగా తెలిసిన కథ.

నీతిచంద్రిక మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. తెలుగువాళ్లలో చాలామంది పంచతంత్రమనే పేరుతో గుర్తుపెట్టుకున్నది హితోపదేశపు వరస. పంచతంత్రం మిత్రభేదంతో మొదలవుతుంది, హితోపదేశం మిత్రలాభంతో. చిన్నయసూరి మిత్రలాభం, మిత్రభేదం రాశాడు. ఆ వరస హితోపదేశానిదే. సంధి విగ్రహాలను తర్వాత వీరేశలింగం రాశాడు. లేడి, కాకి, నక్క కథ హితోపదేశానిది. నీలినక్క పంచతంత్రంలో మిత్రభేదంలో, హితోపదేశంలో విగ్రహంలో వస్తుంది. అంతకు ముందే 15వ శతాబ్దంలో దూబగుంట నారాయణకవి పద్యాల్లో పంచతంత్రం రాశాడు. ‘పంచతంత్రంలో ఇలా ఉంది’ అని రాసేముందు ఏ పుస్తకం, ఏ తంత్రం అన్నది చూసుకోండి. పోలిక వ్యాసాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

రెనార్ వైపు కూడా ఇలాంటి గొయ్యే ఉంది. ‘రెనార్ కథ’ ఒక్కరు రాసిన పుస్తకం కాదు. 1175 నుంచి 1250 ప్రాంతం దాకా పలువురు కవులు ఎనిమిదక్షరాల పాదాల జంటల్లో రాసిన శాఖల కట్ట. శాఖలు పాతిక పైచిలుకు. వాడుకలో ఉన్న శాఖల సంఖ్యలు 1880లలో ఎర్నెస్ట్ మార్టిన్ ముద్రణలోవి, అవి రాసిన వరసను చెప్పవు. రాసిన కాలాన్ని బట్టి ముందుది 2వ శాఖ. 1వ శాఖ దానికి కొనసాగింపు. 1వ శాఖలో విచారణ మొదలయ్యేది 2వ శాఖలో జరిగిన నేరంతోనే. కాబట్టి 2, తర్వాత 3, 4, ఆపైన 1 చదవండి. సంఖ్యల వరసన చదివితే ముద్దాయి ఏం చేశాడో తెలియకుండానే తీర్పు వింటారు.

ఆ విచారణ గురించి చెప్పకపోతే రెనార్ గురించి చెప్పనట్టే. షాంతెక్లేర్ అనే కోడిపుంజూ, పేంత్ అనే పెట్టా, రెనార్ చంపిన పెట్టను పాడె మీద మోసుకుని కొలువులోకి వస్తారు. సింహం కోపంతో గర్జిస్తే కువార్ అనే కుందేలుకు భయంతో జ్వరం పట్టుకుంటుంది. ఆ పెట్టను పూడ్చిన సమాధి మీద పడుకోగానే జ్వరం దిగిపోతుంది, ఆమెను పుణ్యాత్మురాలిగా కొలుస్తారు. రాజు మూడుసార్లు కబురు పంపుతాడు: ఎలుగు దుంగలో ఇరుక్కుంటుంది, పిల్లి పాదిరి ఇంటి ఉచ్చులో పడుతుంది, మూడోసారి బ్యాడ్జర్ వెళ్లి రాజీగా తీసుకొస్తాడు. ఇవన్నీ ఆనాటి కొలువు న్యాయపద్ధతిని వరసగా అనుసరిస్తాయి. చివరికి ఉరి దగ్గర రెనార్ పాపాలు కడుక్కోవడానికి పుణ్యభూమికి వెళ్తానని భుజాన శిలువ వేయించుకుని బయటపడతాడు, ఆ తర్వాత దాన్ని పీకి పారేస్తాడు. 13వ శతాబ్దంలో విల్లెమ్ అనే కవి డచ్చిలో రాసిన రూపం ఇంకా చేదు. దొంగనిధి ఆశ చూపి రాజునే బుట్టలో వేసుకుంటాడు. యాత్రకు సంచి కావాలని ఎలుగు చర్మం, చెప్పులు కావాలని తోడేలు దంపతుల పాదాల తోలు ఒలిపిస్తాడు. సాగనంపడానికి వచ్చిన కుందేలును తిని, తలను సంచిలో పెట్టి పొట్టేలు చేత రాజుకు పంపిస్తాడు, ‘లోపల ఉత్తరం ఉంది, అది నువ్వే రాశావని చెప్పు, నీకు పేరొస్తుంది’ అని.

దీని పక్కన అరబ్బీ అనువాదంలో జరిగింది పెట్టి చూడండి. సంస్కృతంలో దమనకుడు సింహానికి స్నేహితుడైన ఎద్దును ఆ సింహం చేతే చంపించి మంత్రిగానే మిగులుతాడు. ఇబ్న్ అల్ ముఖఫ్ఫాకు అది మింగుడుపడలేదు. దిమ్నా విచారణ అని మూలంలో లేని ఒక అధ్యాయం చేర్చాడు. దిమ్నా చెరసాలలో ఆకలిదప్పులతో చస్తాడు. జిత్తులమారిని ఏం చేయాలన్న ప్రశ్నకు ఒకచోట పదవి, ఒకచోట చెర, ఒకచోట తప్పించుకునే దారి దొరికాయి. పదో తరగతి పిల్లలకు చర్చకు ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు.

పిల్లల విషయంలో ఒక జాగ్రత్త. ‘రెనార్ కథ’ పిల్లల కోసం పుట్టింది కాదు. ఇజంగ్రిన్ ఫిర్యాదు తన భార్య మీద జరిగిన బలాత్కారం గురించి. 1వ శాఖ దాంతోనే మొదలవుతుంది. సన్యాసం ఇస్తానని తోడేలు నెత్తిన సలసల కాగే నీళ్లు పోసి గుండు చేసే సంఘటన కూడా ఉంది. మీరు తీసుకోదగ్గవి నాలుగు: కోడిపుంజు, చేపల బండి, తోకతో చేపలు పట్టడం, బావి. చీలా రంగుబానా వీటికి తోడు. తోక కథకు గడ్డకట్టే చలి కావాలి. 3వ శాఖలో తోడేలు తోకకు చేద కట్టి, మంచులో పశువులకు నీళ్ల కోసం కొట్టిన కన్నంలోకి దింపుతారు. తెల్లారేసరికి నీళ్లు బిగుసుకుని తోక ఊడిరాదు. వేటగాడు కత్తి ఎత్తి జారిపడితే దెబ్బ తోక మీద పడుతుంది. దీన్ని తెలుగు చెరువులోకి మార్చకండి, కథే జరగదు. ఫ్రీజర్‌లో పెట్టిన నీళ్ల గిన్నెలో చెంచా బిగుసుకోవడం చూపించండి.

కోడిపుంజు కథలో ఒక చిన్న చోటు జారవిడవొద్దు. షాంతెక్లేర్‌కు ముందే కల వస్తుంది: ఎవరో ఎర్రటి బొచ్చుకోటు తొడుగుతున్నారు, మెడ దగ్గర ఎముకల పట్టీ ఉంది, బిగుతుగా ఉంది. అది గుంటనక్క నోరు, పళ్లు. తర్వాత రెనార్ వచ్చి, మీ నాన్న రెండు కళ్లూ మూసుకుని పాడేవాడు అంటాడు. పుంజు ముందు ఒక కన్ను మూస్తుంది, రెండోది తెరిచే ఉంచుతుంది. ‘అదేం పాట, మీ నాన్న పాట పక్కన’ అనగానే రెండోదీ మూస్తుంది. ఈ రెండు మెట్లూ ఉండాలి. ఒకేసారి రెండు కళ్లూ మూయిస్తే పుంజు తెలివితక్కువదవుతుంది, కథ చప్పబడుతుంది. మెడ పట్టుకుని పరిగెడుతుంటే ఊరివాళ్లు తిడుతూ వెంటపడతారు. ‘వాళ్లకు జవాబు చెప్పవా’ అంటుంది పుంజు. రెనార్ నోరు తెరుస్తాడు, పుంజు చెట్టెక్కుతుంది. రెనార్ తన ఎత్తుకే తను బలయ్యే చోటు ఇది. ఇలాంటివి అతనికి తరచూ జరుగుతాయి, ముఖ్యంగా తనకంటే చిన్న జంతువుల దగ్గర. పుంజు, పిట్ట, పిల్లి, కాకి నలుగురూ 2వ శాఖలో అతని చేతికి చిక్కకుండా పోతారు. పెద్దవాళ్లను గెలిచి చిన్నవాళ్ల చేతిలో ఓడిపోయే లెక్క మన సింహం, కుందేలు లెక్కకు దగ్గరిది.

2వ శాఖలోని కాకి కథలో దాని నోట్లో ఉన్నదాన్ని తెలుగులో ‘జున్ను’ అని రాయకండి. మనకు జున్నంటే ఈనిన ఆవు పాలతో వండేది. అక్కడున్నది గట్టిగా, గుండ్రంగా ఉండే చీజ్. రాషి, అల్ఫోన్సీ చెప్పిన బావి కథకూ ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే తోడేలు నీళ్లలో చంద్రుణ్ణి చూసి చీజ్ అనుకుంటుంది. చంద్రుణ్ణి చూసి జున్ను ముక్క అనుకునేవాళ్లు ఉండరు.

చివరిగా బావి, ఎందుకంటే మీ కార్యక్రమానికి ఇదే నడుం. పంచతంత్రంలో సింహం బావిలోకి తొంగిచూస్తుంది, నీడ కనిపిస్తుంది, గర్జిస్తే ప్రతిధ్వని వస్తుంది, శత్రువనుకుని దూకుతుంది. ఫ్రెంచి 4వ శాఖలో నీడా ప్రతిధ్వనీ రెండూ ఉన్నాయి, కానీ వాటికి ముందు మోసపోయేది రెనారే. మఠంలో కోళ్లు తిని దాహంతో బావి దగ్గరికి వచ్చి, తన నీడను భార్య ఎర్మెలీన్ అనుకుంటాడు. పిలిస్తే ప్రతిధ్వని పలుకుతుంది. చేదలో కాలు పెట్టి కిందికి జారిపోతాడు. తర్వాత ఇజంగ్రిన్ వచ్చి చూస్తే నీళ్లలో తన నీడా, రెనారూ కనిపిస్తారు; ఆ నీడను తన భార్య అనుకుని మండిపడతాడు. రెనార్ కిందినుంచి చెబుతాడు: నేను చచ్చిపోయాను, ఇది స్వర్గం, ఇక్కడ మేకలకూ గొర్రెలకూ లోటు లేదు, రావాలంటే పాపాలు ఒప్పుకుని ఆ రెండో చేదలో కూర్చో. తోడేలు ఒప్పుకుని కూర్చుంటుంది. ఒకటి దిగుతుంది, ఒకటి లేస్తుంది. మధ్యలో ఎదురుపడినప్పుడు, ఎక్కడికి పోతున్నావని తోడేలు అడుగుతుంది. ఒకడు వస్తే ఇంకొకడు పోవడం ఇక్కడి ఆచారం, అంటాడు రెనార్.

ఈ కథ గిలక మీదే నడుస్తుంది. మన పల్లెల్లో గిలక బావికి ఒక చేదే ఉంటుంది, రెండో కొస చేతిలో ఉంటుంది. ఇక్కడ తాడు రెండు కొసలకూ చేదలున్నాయి. ఎవరు బరువైతే వాళ్లు దిగుతారు. గుంటనక్క బరువు సాధారణంగా 8 కిలోల లోపు, తోడేలు 30 నుంచి 50 కిలోలు. ఈ తేడా లేకపోతే రెనార్ అక్కడే ఉండిపోయేవాడు. తరగతిలో కుర్చీ వీపు మీదుగా ఒక కర్ర, దానికి దారపు రీలు, తాడు రెండు వైపులా రెండు ఖాళీ పెరుగు డబ్బాలు కట్టండి. ఒకదాంట్లో చిన్న బంగాళాదుంప వేసి కిందికి దించి ఉంచండి. రెండోదాంట్లో ఏది వేస్తే మొదటిది పైకి వస్తుందో పిల్లల్ని అడిగి, వాళ్ల చేత వేయించండి. డబ్బాలు మధ్యలో ఎదురుపడేచోట వేలితో తాడు ఆపి, రెనార్ మాట అప్పుడు చెప్పండి. వేలు తీశాక తోడేలు నీళ్లలోకి వెళ్తుంది, తెల్లారాక సన్యాసులు నీళ్ల కోసం తాడు లాగుతారు, చేదలో కూర్చున్న తోడేలు పైకి వస్తుంది.